మోగల్లు నుంచి మానిటర్ దాకా

మన క్లబ్బులో సగం మంది హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్ చేసొచ్చిన వాళ్ళమే. ఈసీఐఎల్ అని బోర్డున్న సిటీ బస్సు ఎక్కని వాళ్ళు, ఏ.ఎస్.రావు నగర్‌లో టీ తాగని వాళ్ళు మనలో తక్కువ. నేను కూడా అక్కడ ఒక హాస్టల్లో రెండు నెలలున్నాను. ఆ రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఈ ఏ.ఎస్.రావు ఎవరబ్బా అని అనుకోలేదు. ఎవరో లీడరో, లేఅవుట్ వేసినాయనో అయ్యుంటాడులే అన్నంత వరకే. ఆయన మన గోదావరి వాడని, ఇవాళ మనం గేమింగ్ పీసీ కొనేటప్పుడు కొట్టుకు చచ్చే రెండు వస్తువులు, ప్రాసెసరూ తెరా, ఈ దేశంలోనే తయారవ్వాలని 60 ఏళ్ళ కిందటే పట్టుబట్టిన మనిషని నాకు తెలిసింది నిడదవోల్లో, మా ఇంటి అటక దగ్గర.

ముందు ఆ అటక సంగతి చెప్పి, తర్వాత ఆయన కథలోకి వస్తాను.

అటక మీద టీవీ

పోయిన సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళేటప్పటికి నా ఫోన్లో ఒక పెద్ద లిస్టు ఉంది. స్టైపెండ్ డబ్బులు కొన్ని, నాన్న ఇస్తానన్నవి కొన్ని కలిపి పీసీ కట్టుకోవాలని ప్లాన్. వాట్సాప్ గ్రూపులో సెమిస్టర్ అంతా ఒకటే గొడవ. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 12400ఎఫ్ తీసుకోవాలా, రైజెన్ 5 5600 తీసుకోవాలా? రెండింటిలోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లే. మానిటర్ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్‌ది చాలా, లేక 27 అంగుళాల 1440పీకి వెళ్ళాలా?

ఈ రెండు ప్రశ్నలూ వేరు వేరు అనుకుని నెల రోజులు తిరిగాను. నిజానికి రెండూ ఒకటే ప్రశ్న. ఫుల్ హెచ్‌డీ తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 1440పీ తెర మీద సుమారు 36.9 లక్షలు. చుక్కలు పెరిగితే ఆ బరువంతా గ్రాఫిక్స్ కార్డు మోస్తుంది, ప్రాసెసర్ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. చుక్కలు తగ్గించి ఫ్రేములు పెంచుకుంటూ పోతే ఒత్తిడి ప్రాసెసర్ మీదికి వస్తుంది. 60 హెర్ట్జ్ తెరకి ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీ సెకన్లకి అందితే చాలు. 144 హెర్ట్జ్ తెరకి 6.9 మిల్లీ సెకన్లకే అందాలి. అందుకని తెర ఏదో తేల్చుకోకుండా ప్రాసెసర్ తేలదు. మనం ఏ ఆట ఆడతామో తేల్చుకోకుండా తెరా తేలదు.

మా తాతయ్య ఒకప్పుడు రేడియోలు, టీవీలు రిపేర్ చేసేవారు. ఇప్పుడు కళ్ళు సరిగా ఆనక సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టేశారు గానీ ఆసక్తి పోలేదు. లిస్టంతా చదివి వినిపించమన్నారు. చదివాను. విని రెండే అడిగారు. దీంతో ఏం చేస్తావు అన్నది మొదటిది. ఇందులో మన దగ్గర తయారైంది ఏముంది అన్నది రెండోది.

మొదటిదానికి గేమ్స్, కోడింగ్, ప్రాజెక్టు అని ఏదో చెప్పాను. రెండోదానికి నోరు పెగల్లేదు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ లోపలి ప్యానెల్... ఒక్కొక్కటీ ఏ దేశంలో తయారవుతుందో చెప్పుకుంటూ పోతే మన వంతుకి బిగించే స్క్రూలు కూడా మిగిలేలా లేవు. పైగా నేను పీసీ బిల్డ్ చేస్తున్నాను అని ఊరంతా చెప్పుకుంటున్నాను.

తాతయ్య ఏమీ అనలేదు. నిచ్చెన వేయించి అటక మీదున్న పాత టీవీ దింపించారు. పాత పంచె చుట్టి ఉంది. దులిపి చూస్తే ముందు ఈసీ అన్న అక్షరాలు. టీవీలో రామాయణం సీరియల్ వచ్చే రోజుల్లో ఆదివారం పొద్దున్నే వీధి వీధంతా దీని ముందే చాప వేసుకుని కూర్చునేదట. తర్వాత రంగుల టీవీ వచ్చింది, ఇది అటకెక్కింది. ఆ ఈసీ అంటే ఈసీఐఎల్ అని, ఆ సంస్థని నిలబెట్టినాయనది భీమవరం పక్కన మోగల్లని, ఇక్కడ స్టేషన్లో భీమవరం బండెక్కితే వాళ్ళ ఊరి దరిదాపుల్లో దిగొచ్చని తాతయ్య చెప్పారు. ఏ.ఎస్.రావు అన్న పేరు ఆయన నోట విన్నాక గానీ నాకు ఆ బస్సు బోర్డు గుర్తు రాలేదు. చెప్పొద్దూ, సిగ్గేసింది.

మోగల్లు, బెనారస్, స్టాన్‌ఫర్డ్

అయ్యగారి సాంబశివరావు 1914 సెప్టెంబర్ 20న మోగల్లులో పుట్టారు. ఇప్పటి లెక్కలో పశ్చిమ గోదావరి జిల్లా, పాలకోడేరు మండలం. మోగల్లు అనగానే చాలామందికి అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు, ఆయన పూర్వీకుల ఊరు అదే కాబట్టి. ఆ ఊరు అలాంటి ఇంకొక మనిషిని కూడా ఇచ్చిందన్న సంగతి మనకి అంతగా తెలీదు. ఎందుకంటే ఈయన చేసిన యుద్ధంలో తుపాకులు లేవు. వోల్ట్ మీటర్లు, వాల్వులు ఉన్నాయి.

1914లో మన డెల్టా పల్లెల్లో కరెంటు లేదు. దేశంలో రేడియో ప్రసారాలే ఇంకా మొదలు కాలేదు. కాలవలు, వరి చేలు, పడవలు, అంతే. అలాంటి చోట పుట్టిన కుర్రాడు ఎక్కడో కాశీలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేశారు. 1940లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చేశారు. అప్పటికి అక్కడ సిలికాన్ వ్యాలీ అన్న పేరే లేదు. ఆ చుట్టుపక్కల ఉన్నవి ఎక్కువగా పళ్ళ తోటలు. కానీ ఆ యూనివర్సిటీలో ఒక ధోరణి అప్పటికే మొదలైంది. ఫ్రెడరిక్ టెర్మన్ అనే ప్రొఫెసర్ తన స్టూడెంట్లని చదువవగానే ఎక్కడో ఉద్యోగంలో చేరిపోవద్దని, ఇక్కడే సొంతంగా ఏదైనా తయారు చేయమని పోరేవాడు. ఆయన శిష్యులు ఇద్దరు 1939లో ఒక గ్యారేజీలో మొదలెట్టిందే హ్యూలెట్ ప్యాకార్డ్. మనం ఇప్పుడు హెచ్‌పీ ల్యాప్‌టాప్ అంటున్నామే, అదే. పరికరాన్ని కొనుక్కోవడం కాదు, చేసుకోవాలి అన్న మాట గాలిలో ఉన్న చోట చదువుకుని వచ్చిన మనిషి ఆయన.

తిరిగొచ్చేసరికి ఇక్కడ దేశం కొత్తది. హోమీ భాభా అణుశక్తి కార్యక్రమం మొదలెట్టారు. సాంబశివరావు గారు అందులో ఎలక్ట్రానిక్స్ విభాగం బాధ్యత తీసుకున్నారు.

అప్పటి మానిటర్లు వేరే

మనకి మానిటర్ అంటే తెర. ట్రాంబేలో మానిటర్ అంటే రేడియేషన్ ఎంతుందో కనిపెట్టి చెప్పే పరికరం. అణుశక్తితో పనిచేసేవాళ్ళకి అది ఊపిరి లాంటిది. రేడియేషన్ కంటికి కనపడదు, వాసన రాదు, ముట్టుకుంటే తెలీదు. దాన్ని లెక్కపెట్టే గొట్టం, ఆ గొట్టంలో పుట్టే చిన్న కరెంటు పల్సుని పెద్దది చేసే సర్క్యూటు, పల్సుల్ని లెక్కవేసే కౌంటరు, హద్దు దాటితే కేక పెట్టే అలారం, ఇవన్నీ కావాలి. ఇవి బయటి దేశాల్లో దొరుకుతాయి. డాలర్లో పౌండ్లో పెట్టి కొనుక్కోవచ్చు. కానీ విదేశీ మారకం పిసరంత ఉన్న రోజులవి. పైగా అణుశక్తికి సంబంధించిన సరుకు అంటే ఎప్పుడు ఇస్తారో, ఎప్పుడు ఆపేస్తారో అమ్మేవాడి ఇష్టం.

భాభా, సాంబశివరావు గార్లు ఎంచుకున్న దారి ఒకటే. చేసుకుందాం. మొదటిసారి సరిగా రాకపోయినా సరే, చేసిన వాడికి పని వస్తుంది.

ఈ దారికి పెద్ద పరీక్ష అప్సర. ట్రాంబేలో కట్టిన ఈ రియాక్టర్ 1956 ఆగస్టు 4న పనిచేయడం మొదలెట్టింది. సోవియట్ యూనియన్‌ని పక్కన పెడితే ఆసియాలో అదే మొదటిది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. రియాక్టరుని, దాని కంట్రోల్ వ్యవస్థనీ మాత్రం మనవాళ్ళే కట్టారు. ఆ కంట్రోల్ వ్యవస్థ సాంబశివరావు గారి బృందం పని.

అదెంత పనో మన భాషలో చెప్పుకుందాం. రియాక్టర్లో న్యూట్రాన్లు ఎన్ని పుడుతున్నాయో అనుక్షణం కొలుస్తూ ఉండాలి. ఆ కొలత పెద్దదై కంట్రోల్ రూముకి రావాలి. దాన్ని బట్టి కంట్రోల్ రాడ్లు పైకో కిందికో జరగాలి. ఎక్కడైనా హద్దు దాటితే మనిషి ఆలోచించేలోపే సేఫ్టీ రాడ్లు కిందికి పడిపోయి రియాక్టర్ ఆగిపోవాలి. మన ఆటలో మౌస్ నొక్కాక తెర మీద కనపడ్డానికి కాస్త లేటైతే ఒక రౌండు పోతుంది, తిట్టుకుని మళ్ళీ మొదలెడతాం. అక్కడ మళ్ళీ మొదలెట్టడాలు ఉండవు. ఆ పనిని వాల్వులు, రిలేలతో చేసి చూపించారు.

1960లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 1965లో ఇంజనీరింగ్ శాస్త్రాల్లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం.

నలుగురి కమిటీ

1962లో చైనాతో యుద్ధం జరిగింది. ఆ యుద్ధం నేర్పిన చేదు పాఠాల్లో ఎలక్ట్రానిక్స్ ఒకటి. రాడార్లు, వైర్‌లెస్ సెట్లు, కమ్యూనికేషన్ పరికరాలు, దేనికి చూసినా బయటివాడి మీద ఆధారపడడమే. 1963లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఛైర్మన్ హోమీ భాభా. సభ్యులు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏ.ఎస్.రావు. భగవంతం గారు కృష్ణా జిల్లా వారు, సి.వి.రామన్ దగ్గర పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. అంటే దేశం ఎలక్ట్రానిక్స్‌లో ఏ దారిన పోవాలో తేల్చడానికి కూర్చున్న నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు. ఇది మన ఎలక్ట్రానిక్స్ డిపార్టుమెంటు గోడ మీద రాసుకోవాల్సిన సంగతి.

ఆ కమిటీ నివేదిక 1966లో వచ్చింది. రేడియోలు, రాడార్లే కాదు, కంప్యూటర్లు, వాటిలోకి వెళ్ళే విడిభాగాల దాకా దేశంలోనే తయారు కావాలన్నది దాని సారం. కానీ అదే ఏడాది జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో విమానం కూలి భాభా చనిపోయారు. దారి గీసినాయన పోయారు. నడవాల్సిన వాళ్ళు మిగిలారు.

సారాభాయ్ అణుశక్తి సంఘం పగ్గాలు పట్టుకున్నారు. ట్రాంబేలో పరికరాలు తయారు చేసే ఎలక్ట్రానిక్స్ యూనిట్టే విత్తనంగా 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ పుట్టింది. దాని సారథి ఏ.ఎస్.రావు. అప్పటికి ఆయనకి 52 ఏళ్ళు దాటాయి. ల్యాబ్ మనిషి ఫ్యాక్టరీ మనిషి కావాల్సి వచ్చింది. ల్యాబులో ఒక్కటి పనిచేస్తే గెలిచినట్టు. ఫ్యాక్టరీలో నూటికి నూరూ ఒకేలా పనిచేయాలి. ఈ తేడా ప్రాజెక్టు ఎక్స్‌పోలో డెమో ఇచ్చే ముందు రోజు రాత్రి మనందరికీ కొంచెం తెలుస్తుంది.

మనవాళ్ళ ప్రాసెసర్

1969లో టీడీసీ-12 వచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని పూర్తి పేరు. డిజైన్ ట్రాంబేది, తయారీ బాధ్యత ఈసీఐఎల్‌ది. 12 బిట్ల యంత్రం. అందులో ప్రాసెసర్ అంటే మన చేతిలో ఇమిడే చిప్పు కాదు. సిలికాన్ ట్రాన్సిస్టర్లు, డయోడ్లు విడివిడిగా కార్డుల మీద సోల్డర్ చేసి, ఆ కార్డుల్ని అరల్లో పేర్చి కట్టిన బీరువా. ప్రపంచంలో మొదటి మైక్రోప్రాసెసర్ అయిన ఇంటెల్ 4004 రావడానికి ఇంకా రెండేళ్ళు టైముంది.

దాని మెమరీ ఫెర్రైట్ కోర్‌ది. ఆవగింజంత అయస్కాంతపు రింగులు, వాటి గుండా దూర్చిన సన్నటి తీగలు. ఒక్కో రింగు ఒక్కో బిట్. మన నర్సాపురం వైపు ఆడవాళ్ళు లేసు అల్లడం చూసుంటే ఆ పని ఎలాంటిదో ఊహించుకోవచ్చు. అలా ఉన్న మెమరీ మొత్తం కొన్ని కిలోబైట్లు. వాట్సాప్‌లో మనం పంపుకునే ఒక్క స్టికర్ అందులో పట్టదు. నా లిస్టులో ఉన్న రైజెన్ 5 5600లో ఒక్క ఎల్3 క్యాషే 32 మెగాబైట్లు. నవ్వు రావచ్చు. కానీ ఆ బీరువాలో ప్రతి బిట్ ఎక్కడుందో, ఎందుకుందో తెలిసిన మనుషులు హైదరాబాద్‌లో ఉన్నారు. నా రైజెన్ లోపల ఏం జరుగుతుందో నాకు ఎంతమాత్రం తెలుసు?

తర్వాత 1974లో టీడీసీ-312, 1975లో 16 బిట్ల టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసర్ మీద కట్టిన మైక్రో-78. కొన్నది ఎక్కువగా ప్రభుత్వ ల్యాబులు, యూనివర్సిటీలు, రక్షణ శాఖ.

ఆ రోజుల్లో కంప్యూటర్ కావాలంటే దేశానికి ఉన్న దారులు మూడు. ఒకటి, ఐబీఎం వాళ్ళు వేరే చోట వాడేసిన పాత యంత్రాల్ని బాగు చేసి అద్దెకిచ్చేవాళ్ళు, అవి తీసుకోవడం. రెండు, కొత్తది దిగుమతి చేసుకోవడం. దానికి విదేశీ మారకం, పర్మిషన్లు, ఏళ్ళ తరబడి తిరుగుడు. మూడు, మనది మనం చేసుకోవడం. మనం ఇప్పుడు సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు తీసుకుందామా, కొత్తదానికి డబ్బులు కూడబెడదామా అని తర్జనభర్జన పడతాం చూడండి, దాదాపు అదే లెక్క. కాకపోతే మనకి మూడో దారి లేదు. రావు గారు మూడో దారినే పట్టుకున్నారు. రెసిస్టర్లు, కెపాసిటర్లు లాంటి విడిభాగాలు కూడా ఈసీఐఎల్‌లోనే తయారయ్యేలా చూశారు. కింది మెట్టు చేతిలో లేకుండా పై మెట్టు ఎక్కినా నిలవలేమన్నది ఆయన పద్ధతి.

పల్లెకి వచ్చిన తెర

ప్రాసెసర్ కథ ఇది. మరి తెర?

సారాభాయ్‌కి ఒక కల ఉండేది. పట్నాలకంటే ముందే పల్లెలకి టీవీ తీసుకెళ్ళాలని. ఆయన 1971 డిసెంబర్‌లో చనిపోయారు గానీ కల ఆగలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సైట్ అనే ప్రయోగం జరిగింది. నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి 6 రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకి నేరుగా టీవీ ప్రసారాలు. రోజుకి 4 గంటలు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులో కూడా కార్యక్రమాలు వచ్చాయి. వ్యవసాయం, ఆరోగ్యం, బడి పిల్లలకి పాఠాలు. కోళ్ళ గూటికి కొట్టే వల లాంటి ఇనప మెష్షుతో చేసిన 3 మీటర్ల యాంటెన్నా, దాని పక్కన పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో ఒక టీవీ సెట్టు. ఆ సెట్లు తయారు చేసింది ఈసీఐఎల్.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మనం మానిటర్ కొనేటప్పుడు రెస్పాన్స్ టైము, రంగులు, రిఫ్రెష్ రేటు చూస్తాం. ఆ సెట్టు డిజైన్ చేసినవాళ్ళు చూడాల్సినవి వేరు. దుమ్ము, ఎండ, వోల్టేజి ఎప్పుడు పడుతుందో ఎప్పుడు లేస్తుందో తెలియని కరెంటు, చెడిపోతే మెకానిక్ దగ్గరకి వెళ్ళడానికి రోడ్డు కూడా సరిగా లేని ఊరు. తెర ఎంత గొప్పదన్నది దాని ముందు కూర్చునే మనిషిని బట్టి ఉంటుంది. తాతయ్య నన్నడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే కదా.

ఆ తర్వాత ఈసీ టీవీ ఇళ్ళలోకి వచ్చింది. మా అటక మీదున్నది దాని చుట్టమే. ఆ టీవీ తెర మీద 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. మనం 144 దగ్గర కూడా సరిపోవట్లేదంటున్నాం. 25 బొమ్మలతోనే వీధి వీధంతా కదలకుండా కూర్చుంది.

పందెం ఓడిపోయారా?

ఇప్పటిదాకా చెప్పింది చదివితే అంతా విజయమే అనిపిస్తుంది. అలా రాస్తే ఆయనకి న్యాయం చేసినట్టు కాదు.

ఈసీఐఎల్ కంప్యూటర్ల మీద ఆ రోజుల్లోనే విమర్శలు చాలా వచ్చాయి. బయటి దేశాల యంత్రాలతో పోలిస్తే ఖరీదెక్కువ, వెనకబడినవి, అందడం ఆలస్యం అని. దిగుమతుల మీద ఆంక్షలు పెట్టడం వల్ల మంచి యంత్రం దొరక్క పరిశోధనలు కుంటుపడ్డాయని అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. మనవాళ్ళు విడి ట్రాన్సిస్టర్లు, చిన్న చిన్న చిప్పులతో ప్రాసెసర్ కట్టి నిలబెట్టేసరికి, అవతల ఇంటెల్ వాళ్ళు మొత్తం ప్రాసెసర్‌ని గోరంత సిలికాన్ మీదకి ఎక్కించేశారు. మైక్రోప్రాసెసర్ వచ్చాక కంప్యూటర్ చేయడానికి ప్రాసెసర్ చేయడం రావక్కర్లేదు. చిప్పు కొనుక్కుని చుట్టూ కట్టుకుంటే చాలు. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్ళింది. దాదాపు అదే సమయంలో ప్రైవేటు కంపెనీలకి మినీ కంప్యూటర్ల తయారీకి తలుపులు తెరిచారు. ఆ కంపెనీలు కొన్న చిప్పులతో చురుగ్గా ముందుకెళ్ళాయి. కంప్యూటర్ మార్కెట్లో ఈసీఐఎల్ వెనకబడింది.

అంటే రావు గారి పందెం తప్పా? నేను చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఇది. ఆయన యంత్రాలు ఆ పోటీలో ఓడిపోయాయి. కానీ ఆ యంత్రాలు చేయడం నేర్చుకున్న మనుషులు ఓడిపోలేదు. హైదరాబాద్‌లో తర్వాత పుట్టుకొచ్చిన ఎన్నో ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో ఈసీఐఎల్‌లో పని నేర్చుకున్న చేతులున్నాయి. ఈసీఐఎల్ కూడా మూతపడలేదు. 1979లో ఎన్నికల సంఘం కోసం ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం నమూనా తయారు చేసింది అక్కడే. ఇవాళ్టికీ దేశంలో ఆ యంత్రాలు తయారు చేసేది రెండే సంస్థలు, భారత్ ఎలక్ట్రానిక్స్, ఈసీఐఎల్. 2024 మేలో నిడదవోల్లో నేను నా మొదటి ఓటు వేసినప్పుడు నొక్కిన బటన్ వెనక ఇంత కథ ఉందని నాకు తెలీదు. చంద్రయాన్‌తో మాట్లాడడానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో పెట్టిన 32 మీటర్ల యాంటెన్నాలో కూడా ఈసీఐఎల్ చెయ్యుంది.

ఇంకొక మాట. అప్పుడు మొదలెట్టినా నిలబెట్టుకోలేకపోయిన చిప్పుల తయారీ కోసం ఇప్పుడు దేశం మళ్ళీ వేల కోట్లు పోసి ఫ్యాక్టరీలు కడుతోంది. అంటే 1966 నాటి ఆ నివేదిక అడిగిన ప్రశ్న ఇంకా తీరలేదన్నమాట. జవాబు తప్పని వాదించొచ్చు, ప్రశ్న తప్పని మాత్రం అనలేం.

1972లో ప్రభుత్వం ఆయనకి పద్మభూషణ్ ఇచ్చింది. 2003 అక్టోబర్ 31న, 89 ఏళ్ళ వయసులో ఆయన వెళ్ళిపోయారు. పేరు మాత్రం బస్సు బోర్డు మీద, కాలనీ గేటు మీద మిగిలింది. రోజూ వేలమంది ఆ పేరు పలుకుతారు. ఒక్కరు దిగాలి, ఒక్కరు ఎక్కాలి. అంతకు మించి ఎవరూ అడగరు.

చివరికి ఏం కొన్నానంటే

కొన్నాను. దేశభక్తితో పీసీ మానేశానని అబద్ధం చెప్పను. తాతయ్య మొదటి ప్రశ్నకి నిజాయితీగా జవాబు రాసుకున్నాక లిస్టు దానంతటదే తేలిపోయింది. నేను ఆడేవి ఎక్కువగా షూటింగ్ ఆటలు, హాస్టల్ టేబుల్ చిన్నది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్ చాలు. దానికి రైజెన్ 5 5600 సరిపోతుంది. 27 అంగుళాలకి పెట్టాల్సిన తేడా డబ్బులు మిగిలాయి.

ఆ మిగిలిన డబ్బుతో ఒక ఎఫ్‌పీజీఏ బోర్డు కొన్నాను. చిన్నదే. మా ముగ్గురి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దాని మీదే. 12 బిట్ల ప్రాసెసర్ ఒకటి మేమే డిజైన్ చేసి అందులో నడపాలని. 12 ఎందుకు, 8 అయితే తేలిక కదా అని గైడ్ సార్ అడిగారు. కారణం చెప్పాను. సార్ కాసేపు ఏమీ అనకుండా కూర్చుని, తర్వాత సంతకం పెట్టేశారు. ఇప్పటికి కూడిక, తీసివేత వస్తున్నాయి. జంప్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చామా, ఎక్కడికో ఎగిరిపోతోంది. వారం నుంచి దాన్ని పట్టుకోవడానికే తిరుగుతున్నాం. ఎవరికైనా వెరిలాగ్ బాగా వస్తే మా రూముకి రండి, టీ నేను ఇప్పిస్తాను.

ఆ ఈసీ టీవీని మాత్రం మళ్ళీ అటకెక్కించనివ్వలేదు. హాల్లో కిటికీ పక్కన పెట్టాం. తాతయ్య రోజూ పొద్దున్నే దాని మీద దుమ్ము తుడుస్తున్నారట. ఈసారి మీరు హైదరాబాద్‌లో ఆ బస్సెక్కినప్పుడు బోర్డు వైపు ఒక్కసారి చూడండి. అది మన మోగల్లు ఆయన పేరు.